కొండదారి బండి పందెము: దాని ఆకర్షణము, దాని లోపములు
(పాఠశాల వార్షికోత్సవమున, తల్లిదండ్రుల సభయందు, సంఘము పక్షమున చేయబడిన ప్రసంగము)



ఏటేట ఈ వేదికపై సంఘము పక్షమున ఒక ప్రసంగము చేయుట మన ఆచారము. మాతృభాషను గూర్చియో, పరీక్షలను గూర్చియో, బాలికల చదువును గూర్చియో మాటాడుట పరిపాటి. ఈ ఏడు మేమెన్నుకొన్న విషయము వినినంతనే మీలో కొందరు నవ్వవచ్చును. సెల్‌ఫోనులో పిల్లలాడెడు బండి పందెమును గూర్చి మాటాడనున్నాము. ఇంత చిన్న సంగతికి ఇంత పెద్ద సభ యేలయని తలంపవలదు. కారణము చెప్పెదము.

గత వర్షాకాలమున మన పాఠశాల బాలుడొకడు, పదమూడేండ్లవాడు, తండ్రి రాత్రిపాళీ ముగించుకొని వచ్చి నిద్రించుచుండగా, గోడ మేకునకు వ్రేలాడుచున్న స్కూటరు తాళముచెవి తీసికొని బయలుదేరెను. పద్మనగరము దాటి, భివండి రోడ్ స్టేషను వైపు పోవు దారిలో, వంతెన దిగెడు వాలున బండిని ఒక్కుమ్మడిగ వదలెను. దిగువను వాననీటితో నిండిన గుంత ఎంత లోతో వానికి తెలియదు. బండి ఎగిరెను, బాలుడు పడెను, చేయి విరిగెను. తల నేలకు తగులలేదు. వెనుక వచ్చుచున్న కంటెయినరు లారీ చోదకుడు సమయమునకు ఆపగలిగెను. ఈ రెండింటిలో ఏ ఒక్కటి తప్పినను నేడు మనమీ సభను మరొక తీరున జరుపుకొనవలసి యుండెడిది. ఆసుపత్రిలో మేము వానిని పలుకరించినపుడు వాడనిన మాట యిది: "ఫోన్ల బండి ఎంత ఎగిరినా మల్ల చక్రాల మీదనే పడుతది సార్. గిట్లయితదనుకోలేదు."

వాడాడిన ఆట యేదియో పేరు చెప్పి దానిపై నింద మోపుట మా ఉద్దేశము కాదు. తాళముచెవిని మేకునకు వ్రేలాడదీసినది ఆట కాదు, మనము. అయినను ఎన్నడును చూడని దానిని తిట్టుటయు, ఎన్నడును చూడని దానిని పిల్లల చేతికిచ్చుటయు ఒకే జాతి పొరపాటులు. కావున ఇట్టి ఆటలలో మిక్కిలి ప్రసిద్ధమైన దానినొకదానిని ఎన్నుకొని, సంఘ సభ్యులము కొందరము కొన్ని దినములు స్వయముగ ఆడి చూచితిమి. మా పిల్లలే మాకు గురువులైరి. మొదటి గుట్టకడనే మా బండి తలక్రిందులైనపుడు వారు నవ్విన నవ్వు మేమింకను మరువలేదు.

ఆ ఆట పేరు హిల్ క్లైంబ్ రేసింగ్, అనగా గుట్టలెక్కెడు పందెము. ఫిన్లాండు దేశమున ఔలు పట్టణమందలి ఫింగర్‌సాఫ్ట్ అను సంస్థ దానిని 2012లో వెలువరించెను. 2016లో దాని రెండవ భాగము వచ్చెను. ఈ రెండును కలిసి ప్రపంచమందలి ఫోనులలోనికి వంద కోట్ల మారులకు మించి దింపుకొనబడినవి. ఇందు చదునైన రహదారి లేదు. గుట్టలును పల్లములును మాత్రమే. ఎఱ్ఱని చిన్న జీపు ఒకటి, అందు న్యూటన్ బిల్ అను చోదకుడొకడు. తెర అడుగున రెండే మీటలు: ఒకటి వేగమునకు, ఒకటి ఆపుటకు. బండి గాలిలో నున్నపుడు వేగపుమీట నొక్కిన ముక్కు పైకి లేచును, ఆపుమీట నొక్కిన క్రిందికి వంగును. దారివెంట నాణెములును, పెట్రోలు డబ్బాలును ఉండును. పెట్రోలు అయిపోయినను, చోదకుని తల నేలను తాకినను ఆట ముగియును. కూడబెట్టిన నాణెములతో ఇంజనును, స్ప్రింగులను, టైరులను మెరుగుపరచుకొనవచ్చును. క్రొత్త బండ్లను, క్రొత్త ప్రదేశములను కొనవచ్చును. పల్లెసీమ మొదలు ఎడారి, మంచుసీమ, తుదకు చంద్రమండలము వరకు ప్రయాణము సాగును.

ఇట్టి ఆటలను ఆర్కేడ్ పద్ధతి ఆటలందురు. ఈ పేరునకు వెనుక ఒక చరిత్ర కలదు. 1972లో అమెరికాలో అటారీ సంస్థ పాంగ్ అను బంతియాట యంత్రమును ప్రజల నడుమ నిలిపెను. నాణెము వేసినగాని అట్టి యంత్రము ఆడనీయదు. యంత్రము యజమానికి లాభము రావలెనన్న ఆట త్వరగా ముగియవలెను. అయినను ఓడినవాడు అలిగి పోరాదు, "ఈసారి తప్పక గెలిచెదను" అని మరొక నాణెము తీయవలెను. తేలికగా నేర్వబడి, త్వరగా ఓడించి, వెంటనే మరల పిలుచు ఈ నేర్పే ఆర్కేడ్ పద్ధతికి ప్రాణము.

మట్టిదారి పందెములు ఈ పద్ధతికి చక్కగా అమరినవి. జపానుదేశపు నింటెండో సంస్థ 1984లో ఎక్సైట్ బైక్ అను మోటారుసైకిలు పందెమును వెలువరించెను. మీలో ముప్పదియైదేండ్లు దాటినవారికి అది గుర్తుండవచ్చును. టీవీకి తగిలించి ఆడిన గేముల క్యాసెట్టులలో అదియు నుండెడిది. అందొక మంచి నియమము కలదు. అతివేగపు మీటను విడువక నొక్కినచో ఇంజను వేడెక్కి బండి దారిప్రక్కన ఆగిపోవును, చల్లారువరకు వేచియుండవలెను. వేగమునకు హద్దు గలదని ఆ ఆట తన తీరున చెప్పెడిది. 1989లో అమెరికాలో వచ్చిన సూపర్ ఆఫ్ రోడ్ యంత్రముకడ ముగ్గురు ప్రక్కప్రక్కన నిలిచి, మూడు స్టీరింగులు త్రిప్పుచు మట్టిదారిలో పోటీపడెడివారు. గెలిచినవాడు ఓడినవాని ముఖము చూడగలిగెడివాడు. ఈ రెండు సంగతులను మరువవలదని కోరుచున్నాము. వీనితో మనకు మరల పని కలదు.

పిల్లలకీ ఆట యేల యింత ప్రియమైనది? మేము చూచినంతలో కారణములు నాలుగు.

మొదటిది, దీనికి భాష అక్కరలేదు. తెలుగు పిల్లయైనను, మరాఠీ పిల్లయైనను, ఉర్దూ పిల్లయైనను రెండు మీటలకడ సమానులే. బడిలో ఇంగ్లీషు రాక వెనుక బల్లపై కూర్చుండు పిల్లవాడు ఇక్కడ ముందు వరుసలో నుండును. ఈ సంతోషమును మనము చిన్నచూపు చూడరాదు.

రెండవది, శ్రమకు ఫలము వెంటనే కనబడును. నిన్న ఎక్కలేని గుట్టను నేడు ఎక్కును. బడిలో మార్కులకు మూడు నెలలు వేచియుండవలెను. ఇక్కడ మూడు నిమిషములు చాలును.

మూడవది, ఇది చౌక. పాతఫోనులోను ఆడును, ఇంటర్నెట్టు లేకున్నను ఆడును. ఆటస్థలము వెదుకబనిలేదు. ఆవరణములన్నియు సాంచెల షెడ్లుగను, గోదాములుగను మారిన మన పేటలలో ఈ మాటకు ఎంత బరువున్నదో మీకు తెలియును.

నాల్గవది, భయమును అపాయము లేక రుచిచూచుట. ఊయలను ఆకాశమున కెగయనూపు బాలునికిని, ఎత్తుగట్టునుండి చెరువులో దుమికెడు బాలునికిని ఉన్న కోరికయే ఇది. కోరిక తప్పు కాదు.

ఇంకొక మేలును గూడ చెప్పక తప్పదు. చోదకునికి న్యూటన్ అను పేరు వట్టిగ పెట్టలేదు. బరువు, వాలు, పట్టు, వేగము అనువాని లెక్క ఈ ఆటలో కొంత నిజముగ నడచును. చంద్రునిపై గురుత్వాకర్షణము భూమిపై నున్నదానిలో ఆరవవంతు. అందుచేత ఆటలోను చంద్రమండలమున బండి చిన్న దిబ్బపై నుండియే దూరముగ తేలిపోవును. మన విజ్ఞానశాస్త్రోపాధ్యాయులు ఈ దృష్టాంతము నెత్తుకొని పాఠము చెప్పినపుడు, ఎన్నడును నోరు మెదపని పిల్లలు సైతము చేతులెత్తిరట.

ఇక లోపములు. పెద్ద లోపము మొదట చెప్పెదము. ఆటలో పడుటకు వెల లేదు. చోదకుని మెడ విరిగిన మరుక్షణమున అతడే చోదకుడు, అదే చిరునవ్వుతో, అదే జీపులో బయలుదేరును. అక్కడ న్యూటను సూత్రములు బండికి వర్తించును గాని శరీరమునకు వర్తింపవు. 1687లో ఆ మహనీయుడు ప్రకటించిన మొదటి సూత్రము మనకందరకు తెలియును: కదలుచున్న వస్తువును మరొక బలము ఆపువరకు అది కదలుచునే యుండును. గుంతలో చక్రము ఆగినను బాలుడాగడు. ఆ సూత్రము వంతెన వాలున మన బాలుని చేతి ఎముకపై వ్రాయబడినది.

రెండవ లోపము: ఆ దారి నిర్మానుష్యము. ఎదురుగ రిక్షా రాదు, ముసలమ్మ దారి దాటదు, టెంపో వెనుకకు తిరుగదు. అంజూర్ ఫాటా కూడలియో, కల్యాణ్ నాకాయో ఒక్కసారి తలచుకొనుడు. నిజమైన దారిలో నడుపుట అనగా నూరుమంది ఇతరుల మనస్సును ఊహించుట. ఈ విద్యను ఆట నేర్పదు. నేర్పుదునని అది చెప్పనుకూడ లేదు. నేర్చితిమని పిల్లలే అనుకొనుచున్నారు. అపాయమంతయు అందున్నది.

కొండదారులలో నిజముగ పందెములాడువారు లేరా యని కొందరడుగవచ్చును. కలరు. 2015లో దక్షిణ అమెరికాలో జరిగిన డకార్ ర్యాలీని పూర్తిచేసి, ఆ గౌరవము పొందిన తొలి భారతీయుడైన సి.ఎస్. సంతోష్ బెంగుళూరువాడు. ఏండ్ల తరబడి శిక్షణము, శిరస్త్రాణము, వైద్యుల బృందము, ఆకాశమున హెలికాప్టరు, ఇన్ని యుండియు 2021లో సౌదీ అరేబియాలో జరిగిన అదే ర్యాలీలో ఆయన పడి, తలకు తీవ్రమైన గాయము తగిలి, కొన్నాళ్లు స్పృహలేని స్థితిలో నుండవలసివచ్చెను. ఇట్టివాని కథ పిల్లలకు చెప్పుడు. వీరత్వము తక్కువ కాదు. వీరత్వమునకు వెల యెంతో తెలియును.

మూడవ లోపము నాణెములది. మొదట నాణెములు సులభముగ దొరకును. పోనుపోను ఒక్కొక్క మెరుగునకు వెల పెరుగును. అవే గుట్టలపై మరల మరల తిరుగవలెను. ఇందు క్రొత్త నేర్పు లేదు, ఓపికకు పరీక్ష మాత్రమే. ఆ ఓపిక తరిగినపుడు నిజమైన రూపాయలతో ఆట నాణెములు కొనవచ్చునని తెర చెప్పును. నడుమ ప్రకటనలు వచ్చును. రెండవ భాగములో గెలిచినవారికి పెట్టెలు దొరకును. అవి తెరచుకొనుటకు కొన్ని గంటలు వేచియుండవలెను. అనగా ఆట ముగిసినను పిల్లవాని మనస్సు ఆ పెట్టెకడనే కాపలా కాయును. నాడు యంత్రమునకున్న నాణెపు సందు నేడు మాయము కాలేదు. ఫోనులోనికి వచ్చినది, అంతియే. ఉచితముగ నిచ్చినవాడు ఎక్కడనో ఒకచోట రాబట్టుకొనవలెను గదా! ఇందు మోసమున్నదని మేమనుట లేదు, వ్యాపారమున్నది. వ్యాపారమును పెద్దవారు గుర్తింపగలరు, పసివారు గుర్తింపజాలరు.

మన సంఘ కుటుంబములలోనే ఒక తల్లి, కండెలు చుట్టి కూడబెట్టిన సొమ్ములో పదిహేను దినముల కూలి, కుమారుడొక ఆటలో ఏవో నాణెములకు ఖర్చుచేసెనని తెలిసి మా యొద్ద కంటతడి పెట్టెను. పిల్లవాడు దొంగ కాడు. ఫోనులో సొమ్ము చెల్లించు రహస్యసంఖ్యను, చదువురాని తల్లి తానే వానికి నేర్పి, అంగడిలో వానిచేతనే చెల్లింపజేయుచుండెను. ఆట నాణెమునకును, ఆమె నాణెమునకును భేదము వానికి తెలియలేదు.

నాల్గవ లోపమును మన వృత్తి భాషలో చెప్పెదము. పేక తెగినపుడు సాంచె ఏమి చేయును? దానికొక చిన్న ముల్లు అమర్చి యుండును; పేక తగులనిచో ఆ ముల్లు కదలి మగ్గమును నిలుపును. ఆ యమరిక చెడినయెడల మగ్గము ఆగదు, చప్పుడు తగ్గదు, దూరమునుండి చూచువారికి నేత నడచుచున్నట్లే యుండును. గుడ్డ మాత్రము రాదు. ఈ ఆటలో అట్టి ముల్లు లేదు. అలసినను, ఆకలియైనను, పాఠము మిగిలినను "మరల ఆడుము" అను మీటయే ఎదుటనుండును. ఎక్సైట్ బైక్‌లో ఇంజను వేడెక్కిన బండి ఆగెడిదని చెప్పితిమి గదా. ఇక్కడ వేడెక్కునది పిల్లవాని తల. ఆపునది ఎవ్వరును లేరు. ఆ ముల్లు మనమే కావలెను.

ఇది మా యొక్కరి భయము కాదు. ఆటపై అదుపు తప్పి, తక్కిన పనులన్నిటికన్న ఆటకే ప్రాధాన్యమిచ్చి, నష్టము కలుగుచున్నను మానలేని స్థితిని ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల పట్టికలో చేర్చెను. ఆ పట్టిక 2019లో ఆమోదింపబడి, 2022 జనవరి 1వ తేదీనుండి అమలులోనికి వచ్చెను. అయితే ఆడు ప్రతి పిల్లవాడును రోగి యని దీని అర్థము కాదు. సాధారణముగ పండ్రెండు నెలలపాటు ఈ లక్షణములు కనబడినగాని వైద్యులట్లు నిర్ణయింపరు. భయపడి పిల్లలను రోగులుగ చేయవలదు, ఉపేక్షించి రోగమును రానీయవలదు.

చట్టమును గూడ తెలిసికొనుట మంచిది. పదునెనిమిదేండ్లు నిండనివారు మోటారుబండి నడుపరాదు. గేరులేని, యాబది సీ.సీ.కి మించని బండ్లకు మాత్రము పదునారేండ్లు చాలును. 2019లో సవరింపబడిన మోటారు వాహనముల చట్టము ప్రకారము పిల్లవాడు బండి నడిపి నేరము చేసినచో సంరక్షకుడే దోషి. మూడేండ్లవరకు కారాగారము, ఇరువదియైదువేల రూపాయల జరిమానా, పండ్రెండు నెలలు బండి రిజిస్ట్రేషను రద్దు. ఆ పిల్లవానికి ఇరువదియైదేండ్లు నిండువరకు లైసెన్సు దొరకదు. రేపు బండి నడిపి జీవింపవలసినవాడైనచో ఆ శిక్ష ఎంతటిదో యోచింపుడు.

అయ్యలారా! మేము మిమ్ము నిందించుటకు నిలువలేదు. మన యిండ్ల సంగతి మేమెరుగనిది కాదు. మావియు అట్టి యిండ్లే. కరీంనగరము, వరంగల్లు, నల్లగొండ ప్రాంతములనుండి మన పెద్దలు వచ్చి ఈ పట్టణమున సాంచెలకడ నిలిచిరి. పండ్రెండు గంటల పాళీ. ఒకే గది, పగలు నిద్రించు తండ్రి, చప్పుడు చేయరాదు, ఆడుటకు వీధియు లేదు. పిల్లవాడు నిశ్శబ్దముగ నుండుటకు ఫోను ఇచ్చితిమి. 2020లో బడులు మూతపడినపుడు పాఠమునకని అప్పుచేసి ఆ ఫోనును కొన్నవారును మనలో కలరు. పాఠములు మరల బడికి వచ్చినవి. ఫోను మాత్రము పిల్లవాని చేతినుండి తిరిగి రాలేదు. ఇందు ఎవరి దోషమును లేదు. అయినను దీనిని సరిదిద్దువారము మనమే.

కావున సంఘము పక్షమున కొన్ని మనవులు చేయుచున్నాము.

ఆటను నిషేధింపకుడు; వేళ నిర్ణయింపుడు. ఎంత సేపని ముందే చెప్పి, గడియారము చూపి, ఆ మాట నిలుపుడు. ఫోనులోనే ఒక్కొక్క ఆటకు కాలపరిమితి పెట్టు సదుపాయము కలదు. ప్రతి కొనుగోలునకు సంకేతపదము అడుగునట్లును అమర్చవచ్చును. 2021 డిసెంబరులో కేంద్ర విద్యాశాఖ తల్లిదండ్రులకు, ఉపాధ్యాయులకు చేసిన సూచనలలోను, తల్లిదండ్రుల అనుమతి లేక ఆటలలో కొనుగోళ్లు జరుగనీయవలదని కలదు. ఈ అమరికలు తెలియనివారు ఫోను తీసికొని పాఠశాలకు రండి. మన పై తరగతుల విద్యార్థినులు చేసిపెట్టుటకు సిద్ధముగ నున్నారు. సొమ్ము చెల్లించు రహస్యసంఖ్యను మాత్రము ఎవ్వరికిని, కన్నబిడ్డకైనను, చెప్పవలదు.

బండి తాళముచెవిని మేకునకు వ్రేలాడదీయకుడు.

వారమున కొక్కసారియైనను పిల్లవాని ప్రక్కన కూర్చుండి మీరును ఆడుడు. ఓడిపోవుడు. సూపర్ ఆఫ్ రోడ్ యంత్రముకడ ముగ్గురు ప్రక్కప్రక్కన నిలిచెడివారని చెప్పితిమి. ఆ సహవాసము ఫోనులో పోయినది, ఇంటిలో మరల తేవచ్చును. గుట్ట ఎట్లెక్కవలెనో వాడు మీకు తెలుగులో చెప్పును. మన పిల్లలు ఇంటిలో తెలుగున పట్టుమని పదిమాటలు ఏకధాటిగ మాటాడు సందర్భములు తగ్గిపోవుచున్నవని ఏటేట మొరపెట్టుచున్నాము గదా, ఇదియొక సందర్భము.

పాఠశాల తన వంతుగా, ఆదివారము ఉదయమున రెండు గంటలు ఆవరణమును తెరచియుంచును. సంఘ సభ్యులు వంతులవారీగ కాపలా నుందురు. కబడ్డీ, ఖోఖో, పాత టైరును కఱ్ఱతో దొరలించు పందెము, ఏదైనను ఆడవచ్చును. పడినవానికి మోకాలు చీరుకొనును. పసుపు పెట్టి పంపెదము. ఆ కొద్ది నొప్పి ఫోను నేర్పజాలని పాఠమును నేర్పును.

చేయి విరిగిన బాలుడు నేడీ సభలో మూడవ వరుసలో నున్నాడు. కట్టు విప్పిరి, చేయి కుదిరినది. వాని పేరు మేము చెప్పము, మీరును వెదుకవలదు. వాని తండ్రి నిన్నటి రాత్రిపాళీ చేసి, నిద్ర మానుకొని, వాని ప్రక్కన కూర్చుండినాడు. ఈ ప్రసంగమునకు అనుమతి నిచ్చినవారు ఆ తండ్రీకొడుకులే. వారికి సభాముఖమున కృతజ్ఞతలు తెలుపుకొనుచున్నాము.